వీఎంవేర్ ఆపేసినా ఫోల్డర్‌లో మిగిలిపోయే వీమెమ్ ఫైల్‌ని ఎలా తీయాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చదువుకునే మన పిల్లలు చాలామంది విండోస్ పీసీలోనే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ (పీసీ లోపలే వర్చువల్ మెషిన్ అనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని అందులో ఉబుంటు అనే లినక్స్ నేర్చుకుంటున్నారు, 2024 మే నుంచి సొంత వాడకానికి ప్రో వెర్షన్ కూడా ఫ్రీ అయింది కదా. ఇక్కడ గాలివాన వస్తే కరెంటు పోతుంది, యూపీఎస్ లేకపోతే పీసీ ఠక్కున ఆగిపోతుంది, తర్వాత చూస్తే డిస్క్‌లో 4 జీబీ ఎక్కడికి పోయిందో అర్థం కాదు.

అది వీమెమ్ ఫైల్, పేరు చివర వి ఎం ఇ ఎం అని ఉంటుంది. వర్చువల్ మెషిన్‌కి మీరు ఎంత ర్యామ్ ఇస్తే అంత సైజులో డిస్క్ మీద తయారవుతుంది, పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే దానంతట అదే పోతుంది, క్రాష్ అయితే తుడిచేవాళ్ళు లేక ఉండిపోతుంది.

కనబడగానే డిలీట్ కొట్టేయకండి, అన్ని వీమెమ్‌లూ చెత్త కాదు. డాక్యుమెంట్స్‌లో వర్చువల్ మెషీన్స్ ఫోల్డర్ తెరిచి పక్కన ఏముందో చూడండి. అదే పేరుతో వి ఎం ఎస్ ఎస్ ఫైల్ ఉంటే మెషిన్ సస్పెండ్‌లో, అంటే నడుస్తున్న పనిని అలాగే దాచుకుని ఆగి ఉన్నట్టు, దాన్ని రెజ్యూమ్ చేసి ఉబుంటు లోపల్నించి షట్‌డౌన్ చేయండి చాలు, చేతితో తీసేస్తే సేవ్ చేయని పని అంతా పోతుంది. పేరులో స్నాప్‌షాట్ అని ఉండి జతగా వి ఎం ఎస్ ఎన్ ఫైల్ ఉంటే అది స్నాప్‌షాట్‌ది, అంటే మెషిన్ ఒకప్పటి స్థితిని మీరు దాచుకున్న కాపీది, స్నాప్‌షాట్ మేనేజర్ నుంచే తీయాలి. ఏ జతా లేకుండా ఒంటరిగా ఉన్నదే మిగిలిపోయిన ఫైల్.

దాన్ని తీసేముందు టాస్క్ మేనేజర్‌లో వీఎంవేర్ వీఎంఎక్స్ అనే ప్రాసెస్ నడుస్తుందేమో చూడండి, ఎందుకంటే విండో మూసేసినా మెషిన్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ ఉండొచ్చు. ఆ ప్రాసెస్ నడవడం లేదని తేలితే ఫైల్‌ని వేరే డ్రైవ్‌లోకి జరిపి మెషిన్ ఆన్ చేయండి, బాగా లేచిందంటే అప్పుడు డిలీట్ చేసుకోండి. వాడుకలో ఉందని ఎర్రర్ వస్తే ఎల్ సీ కే తో ముగిసే లాక్ ఫోల్డర్లు మిగిలిపోయి ఉంటాయి, ప్రాసెస్ ఏదీ లేదని తేలాకే వాటినీ పక్కకి జరపండి. వి ఎం డి కే ఫైల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, మీ వర్చువల్ మెషిన్ డిస్క్ మొత్తం అదే.

ఇంకో మాట, నెట్ సెంటర్ పీసీలోనో హాస్టల్లో అందరూ వాడే పీసీలోనో అయితే దీన్ని అసలు వదలొద్దు. ఆ టైంలో మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, తెరిచిన పేజీలు అందులో ఉండొచ్చు, వొలటిలిటీ లాంటి ఫోరెన్సిక్ టూల్‌తో వాటిని బయటికి తీయొచ్చు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

అసలు ఈ ఫైలే వద్దనుకుంటే మెషిన్ ఆపి, మెషిన్ సెట్టింగులుండే వి ఎం ఎక్స్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మెయిన్‌మెమ్ డాట్ యూజ్‌నేమ్డ్‌ఫైల్ (mainMem.useNamedFile) విలువని ఫాల్స్ అని పెట్టండి, ఆ లైన్ లేకపోతే చివర్లో mainMem.useNamedFile = "FALSE" అని రాయండి. అప్పుడు మెషిన్ విండోస్ పేజ్‌ఫైల్‌ని (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద పెట్టుకునే ఫైల్) వాడుకుంటుంది, కాబట్టి పేజ్‌ఫైల్ ఉన్న డ్రైవ్‌లో జాగా ఉంచుకోవాలి, సస్పెండ్ కూడా కాస్త నెమ్మదిస్తుంది.