ఉప్పు పూసిన పాత గోడ: సిమెంటు తీసి సున్నం పెట్టిన పద్ధతి

అనంతపురం పక్క పల్లెల్లో పాతిళ్ల గోడలు రాయి, బురదమట్టితో కట్టినవి. వాటికి తర్వాతెప్పుడో సిమెంటు పూస్తారు. చెడేది అక్కడే. నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి ఉప్పు పూస్తుంది. నేను బాగుచేసిన గోడ 2 అడుగుల ఎత్తు దాకా ఇలాగే ఉండింది. వేలితో తడితే బోలుగా మోగింది, గీరితే తెల్లటి ఉప్పు పిండిలా రాలింది.

చెమ్మ గుర్తుకు ఇంకో అడుగు పైదాకా సిమెంటంతా ఉలితో తీసేశాను. సుత్తి గట్టిగా వేయొద్దు, లోపలి బురద కదిలి రాళ్లు వదులవుతాయి. సందుల్లో మట్టిని అంగుళం లోతు గీరి, పొడి బ్రష్షుతో ఉప్పు ఊడ్చాను. నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది.

సున్నం దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. కాల్చిన సున్నపురాళ్లను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. సలసలా కాగి ఎగజిమ్ముతుంది, కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఇనుప డ్రమ్ము వాడండి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కనీసం 2 వారాలు నీటి కింద ఊరనివ్వాలి.

ఊరిన సున్నం 1 పాలు, జల్లించిన ఏటి ఇసుక 3 పాళ్లు. గోడ తడిపి, ఒక్కో పూత అర అంగుళం లోపే వేశాను. మన ఎండకు ఒక్క పూటలో బీటలిస్తుంది కాబట్టి తడి గోనెపట్టాలు కట్టి వారం నీళ్లు చల్లాను. పైన వెల్లే వేయాలి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ మళ్లీ చిక్కుకుంటుంది.

బయట వాననీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కడప బండలు 3 అడుగుల వెడల్పున వాలుగా పరిచాను.