లాడ్ బజార్‌ను రాగి రేకు మీదికి ఎక్కించడం

ఎచింగ్ అంటే రాగి రేకు మీద సూదితో గీసిన గీతలను లోహాన్ని కొరికే మందులో నానబెట్టి, వాటిలో ఇంకు నింపి అచ్చు తీయడం. ఇందులో దగ్గర, దూరం తేల్చేది సూది కాదు, రేకును మందులో ఉంచే సమయం: ఎక్కువసేపు నానిన గీత ముదురుగా పడుతుంది. కాబట్టి పెన్సిలు బొమ్మ వేసేటప్పుడే ఏ భాగాన్ని మందు తగలకుండా ఎప్పుడు మూసేయాలో పక్కన రాసుకోండి.

లాడ్ బజార్‌నే తీసుకుందాం. వెనక చార్మినార్, మధ్యలో గాజుల దుకాణాలు, ముందు తోపుడుబండి, పైన అడ్డదిడ్డంగా కరెంటు తీగలు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక ట్రేసింగ్ పేపరును తిరగేసి బొమ్మను రేకు మీదికి దింపాలి. మనుషులు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. చార్మినార్‌కు 1889లో అమర్చిన గడియారం తిరగబడితే మాత్రం హైదరాబాదీలు ఊరుకోరు!

జనం ముఖాలన్నీ గీయాలని చూడకండి. గాజులు తొడిగించుకునే ఆవిడ చేయి ఒక్కటి కుదిరితే చాలు: బొటనవేలు లోపలికి ముడిచి, వేళ్లన్నీ దగ్గరకు నొక్కి, మణికట్టు దుకాణదారుకు అప్పగించిన చేయి. అమెరికన్ చిత్రకారుడు జాన్ స్లోన్ 1906 నాటి ఎచింగ్ ‘రూఫ్స్, సమ్మర్ నైట్’లో న్యూయార్క్ అంటే ఉక్కకు మేడెక్కి పడుకున్న మనుషులే. మనకు కొత్త దృశ్యమేమీ కాదు.

రేకు అంచులను ఆకురాయితో ఏటవాలుగా రాయండి. లేకపోతే ప్రెస్సులో కాగితం తెగుతుంది. సుద్దపొడితో రుద్ది జిడ్డు వదిలించండి. నీళ్లు బొట్లుగా విడిపోకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టే. వేడి రేకు మీద మైనం, బిట్యుమెన్ కలిసిన, మందును అడ్డుకునే ‘గ్రౌండ్’ అనే పూతను పలచగా రోలరుతో పూసి, ఆరాక గీయండి. సూదిని అదమక్కర్లేదు, రాగి మెరిస్తే చాలు. రేకు వెనకవైపు టేపు అంటించండి.

ఇక చేతి తొడుగులు వేసుకుని, రేకును ఫెర్రిక్ క్లోరైడ్ మందులో బోర్లా వేలాడదీయండి. వెల్లకిలా పెడితే మడ్డి గీతల్లో పేరుకుంటుంది. నేనైతే 5 నిమిషాలకు తీసి, కడిగి, ఆరబెట్టి, చార్మినార్‌నూ తీగలనూ వార్నిష్‌తో మూసేస్తాను. మరో 10 నిమిషాలకు దుకాణాలు. బండి చక్రాలు, వాటి కింది నీడ ఇంకో 20 నిమిషాలు నాననీయాలి. ఎండాకాలంలో మందు త్వరగా కొరుకుతుంది, కాబట్టి ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. నైట్రిక్ ఆమ్లం ఇంట్లో వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు.

రాత్రి బజారు కావాలంటే చెక్క మీద చెక్కి అచ్చు తీసే వుడ్ ఎన్‌గ్రేవింగే మేలు. చెట్టును అడ్డంగా కోసిన గట్టి చెక్క మీద చెక్కిన గీతే తెల్లగా పడుతుంది. చీకటి ముందే ఉంది, మనం దీపాలు వెలిగించుకుంటూ పోవడమే.

రాగి రేకైతే గ్రౌండ్ తుడిచి, ఇంకు గీతల్లోకి కూరి, గంజి పెట్టిన పలచటి గుడ్డతో పైపై ఇంకు తీసేయండి. నానబెట్టి అద్దిన కాగితం పరచి, ఫెల్టు కప్పి ప్రెస్సు తిప్పండి. తొలి అచ్చులో బండి పాలిపోయి కనిపిస్తే మళ్లీ గ్రౌండ్ పూసి, ఆ గీతలనే తెరిచి ఇంకాసేపు మందులో ఉంచండి. చార్మినార్ జోలికి మాత్రం పోవద్దు.