గెడ్డ లెక్కలు, 3వ పాఠం: విస్తీర్ణం ఒకటే, వరద వేరు

మొన్న టోపోషీట్ (కాంటూర్ గీతలున్న సర్వే మ్యాప్) మీద గెడ్డ, అంటే వాగు, పరీవాహకానికి (వాన నీళ్లు దాంట్లోకి చేరే నేలకి) హద్దు గీసి విస్తీర్ణం పట్టాం కదా, ఇవాళ పొడవు. గెడ్డ నీళ్లు బయటపడే చోటు నుంచి లోయ నడిమి వెంబడి, ఎగువన హద్దు తగిలేదాకా కొలవండి, చిన్న చిన్న మెలికలు వదిలేయండి. విస్తీర్ణాన్ని ఈ పొడవు వర్గంతో భాగిస్తే వచ్చేదే ఫామ్ ఫ్యాక్టర్, 1932లో అమెరికన్ జలశాస్త్రవేత్త హార్టన్ ఇచ్చిన లెక్క. అచ్చం గుండ్రంగా ఉంటే 0.785 వస్తుంది, సన్నగా సాగేకొద్దీ సున్నా వైపు దిగుతుంది.

రెండు గెడ్డలు అనుకోండి, రెండూ 16 చదరపు కిలోమీటర్లే. ఒకటి 5 కిలోమీటర్ల పొడవు, ఫామ్ ఫ్యాక్టర్ 0.64. రెండోది 10 కిలోమీటర్లు, అంటే 0.16. రెండింటి మీదా 50 మిల్లీమీటర్ల వాన పడి సగం ఇంకి సగం పారితే, పారిన నీళ్లు 4 లక్షల ఘనపు మీటర్లు. ఇది రెండింటికీ సమానమే, ఆకారం ఒక్క చుక్క కలపదు, తీసెయ్యదు. చాలామంది తడబడేది ఇక్కడే. మారేది టైమింగ్: గుండ్రటి దాంట్లో అన్ని వైపుల నీళ్లూ ఇంచుమించు ఒకేసారి కల్వర్టు మీద పడతాయి, పొడుగు దాంట్లో దిగువవి దాదాపు వెళ్లిపోయాక గానీ పైవి రావు. మొదటిది 2 గంటల్లో ఖాళీ అయిందనుకుంటే సెకనుకు సగటున దాదాపు 56 ఘనపు మీటర్లు, రెండోదానికి 5 గంటలు పట్టిందంటే 22. నడిమిలో వచ్చే గరిష్ఠ ఉధృతి ఈ సగటు కంటే ఇంకా ఎక్కువే ఉంటుంది, కల్వర్టు సైజు దాన్ని బట్టే.

ఇక మన విశాఖ సంగతి. కైలాసగిరి నుంచి బీచ్ రోడ్డు వైపు దిగే చిన్న వాగునీ, అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనినీ పక్కపక్కన పెట్టి ఫామ్ ఫ్యాక్టర్ పోల్చకండి. విస్తీర్ణం 100 రెట్లయితే ఆకారం అదే ఉన్నప్పుడు పొడవు 10 రెట్లే కావాలి, కానీ 1957లో అమెరికన్ భూశాస్త్రవేత్త హాక్ చూపించిన సంబంధం ప్రకారం అది దాదాపు 16 రెట్లవుతుంది. (ఆయన కొలిచింది మెలికలతో సహా పారే పొడవు, కాబట్టి ఆ కొసరంతా పరీవాహకం సాగడమే కాదు.) పెద్ద నదికి తక్కువ అంకె రావడం మామూలే, దాన్ని చూసి వరద భయం లేదనుకోవద్దు.

ఇంకోటి, వాన నడిచే దిక్కు. పొడుగు గెడ్డ మీద మేఘం ఎగువ నుంచి దిగువకు, నీళ్లతోపాటే కదిలిందా, 0.16 ఇచ్చిన ధీమా పోయినట్టే. సముద్రం మీంచి కొండల వైపు వెళ్లే వాన అయితే కొంత నయం.

వచ్చే పాఠానికి మీ ఇంటి దగ్గరి గెడ్డ ఫామ్ ఫ్యాక్టర్ తీసి, ఎగువ నుంచి దిగువకు ఎంత ఎత్తు దిగుతుందో కాంటూర్ గీతల్లో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూసి రాసిపెట్టుకోండి. నీళ్లు చివరిదాకా రావడానికి పట్టే టైం కిర్పిచ్ సూత్రంతో కడతాం, దానికి ఆ ఎత్తు కావాలి.