పాత లాప్‌టాప్‌లో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ – పాఠం 3: ఎక్కించే ముందు నడిపి చూద్దాం

క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అంటే పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు వాడుకోగల గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్. కిందటి పాఠంలో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఫ్లెక్స్‌ని ఎక్కించుకున్నాం. దాన్ని విండోస్‌లో మళ్లీ పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడగవచ్చు. వద్దనండి. అందులోని పార్టిషన్లు (డ్రైవ్‌లో చేసిన విభాగాలు) విండోస్‌కి అర్థం కావు, అంతే. పెన్‌డ్రైవ్ బాగానే ఉంది.

ఈరోజు హార్డ్‌డిస్క్ జోలికి వెళ్లం. ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌తో సహా డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. అందులో పిల్లల ఫొటోలు ఉంటే తిరిగి రావు. అందుకే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే ఈ ఒక్క పనికి పాఠమంతా కేటాయించాను.

షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడే విండోస్ పూర్తిగా ఆగుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ ఆన్ చేసిన వెంటనే బూట్ కీని (లాప్‌టాప్ దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా తెచ్చే కీ) టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. స్వాగతం తెర దాటాక రెండు దారులు కనిపిస్తాయి: ఇన్‌స్టాల్, ట్రై ఇట్ ఫస్ట్. మనకు కావాల్సింది రెండోది.

పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. చూడాల్సింది వేరే. వైఫై దొరికిందా? యూట్యూబ్‌లో పాట పెడితే స్పీకర్లోంచి వినిపిస్తోందా? వీడియో కాల్‌లో కెమెరా, మైకు పనిచేస్తున్నాయా? అన్నిటికంటే ముఖ్యం, మూత మూసి, ఐదు నిమిషాలాగి తెరవండి. తెర నల్లగానే ఉండిపోయినా, తెరిచాక వైఫై రాకపోయినా రోజూ అదే తలనొప్పి. పాత మెషీన్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

అసలు తెరే సరిగా రాకపోతే గ్రాఫిక్స్ చిప్ (తెర మీద బొమ్మను చూపించే చిప్) ఏదో చూడండి. ఒకప్పటి ఆటమ్ ప్రాసెసర్ నెట్‌బుక్కుల్లో (చిన్న లాప్‌టాప్‌ల్లో) వచ్చిన ఇంటెల్ జీఎంఏ 500, 600, 3600, 3650 చిప్‌లకు ఫ్లెక్స్ సపోర్ట్ లేదు. గంటల తరబడి కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. వాటికి తేలికపాటి లినక్స్ (మరో ఆపరేటింగ్ సిస్టమ్) మేలు.

ఇంకో మాట. ఫ్లెక్స్‌లో ప్లే స్టోర్ ఉండదు, విండోస్ ప్రోగ్రాములు నడవవు. ఇంట్లో ఎవరికైనా టాలీ అవసరమైతే ఆ లాప్‌టాప్‌ని విండోస్‌తోనే ఉండనివ్వండి.

ఇంటిపని: ఒక సాయంత్రమంతా మీ రోజువారీ పనులు దీంట్లోనే చేసి, పనిచేయనివి కాగితం మీద రాసుకోండి. మధ్యలో పెన్‌డ్రైవ్ లాగొద్దు. వచ్చే పాఠంలో ఫైళ్ల బ్యాకప్, ఆ తర్వాతే ఇన్‌స్టాల్.