ఓపెన్ కాస్ట్ పక్క ఊరి నీళ్లు – 3వ పాఠం: మూడు బావులతో నీటి దారి పట్టడం

పోయిన పాఠంలో బావి ఒర (పైగట్టు) మీద నుంచి టేపు వదిలి నీళ్ల లోతు కొలవడం చూశాం. ఇప్పుడు ఆ కొలతలతో భూమి లోపల నీళ్లు ఎటు నడుస్తున్నాయో తేల్చుదాం. రామగుండం, మణుగూరు లాంటి చోట్ల ఓసీ (ఓపెన్ కాస్ట్, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గని) వచ్చాకే బావి ఎండిందని ఒకరంటే, ఆ ఏడు వానలే లేవని ఇంకొకరంటారు. రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. ఏది ఎంతో వాదనతో తేలదు, కొలవాల్సిందే.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. లోతు వేరు, మట్టం వేరు. ఒక బావిలో నీళ్లు 6 మీటర్ల లోతులో, ఇంకోదాంట్లో 4 మీటర్ల లోతులో ఉన్నాయంటే రెండో బావి నీళ్లే ఎత్తులో ఉన్నాయని కాదు, ఎందుకంటే రెండో బావి పల్లంలో ఉండొచ్చు. ఒర ఎత్తులోంచి (సముద్ర మట్టం లాంటి ఒకే ఆధారం నుంచి లెక్కేసిన ఎత్తు) లోతు తీసేస్తే వచ్చేదే నీటి మట్టం. ఒర ఎత్తు కోసం ఫోన్‌ను నమ్మకండి, అది కొన్ని మీటర్ల తేడా చూపిస్తుంది, మనకు కావాల్సిన తేడానే అంత! డంపీ లెవల్ (ఎత్తుల తేడా కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ను ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ ఎత్తులు ఏళ్ల తరబడి పనికొస్తాయి.

లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. ఒకటో బావి ఒర ఎత్తు 152 మీటర్లు, లోతు 6, మట్టం 146. రెండోది 147, లోతు 4, మట్టం 143. గని అంచు దగ్గరున్న మూడోది 149, లోతు 12, మట్టం 137. కాగితం మీద మూడు బావులనూ స్కేలు ప్రకారం గుర్తు పెట్టండి. ఎక్కువ మట్టం ఉన్న ఒకటో బావి నుంచి తక్కువ ఉన్న మూడో బావికి గీత గీయండి. ఈ దూరం 900 మీటర్లనుకుందాం. మట్టం తేడా 9 మీటర్లు కాబట్టి 143 వచ్చే చోటు ఒకటో బావి నుంచి 300 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ చుక్కనూ రెండో బావినీ కలిపితే వచ్చేది 143 మట్టపు గీత. దానికి లంబంగా, తక్కువ మట్టం వైపు బాణం గుర్తు వేయండి. నీళ్లు నడిచే దిక్కు అదే.

ఇప్పుడు ఆ బాణాన్ని ఊరి వాలుతో పోల్చండి. గని లేకపోతే ఇక్కడ నీళ్లు మామూలుగా వాగు వైపో గోదావరి వైపో నడవాలి. బాణం గని గుంత వైపు తిరిగిందంటే, ఆ గుంతే నీళ్లు బయటపడే చోటుగా మారిందన్నమాట. సింగరేణి బొగ్గు పొరల మధ్య ఉండేవి బరాకర్ ఇసుకరాళ్లు, అవి నీళ్లను పట్టుకుంటాయి, దారీ ఇస్తాయి. గనిలో బెంచీలు (మెట్లు) కోసుకుంటూ దిగేకొద్దీ ఆ నీళ్లు అడుగునున్న సంప్‌లోకి (నీళ్లు చేరే గుంటలోకి) ఊరతాయి, పంపులు వాటిని తోడి వాగులో పోస్తాయి. అందుకే గని అంచు బావి ఎండిపోయి, పంపు నీళ్లు పారే వాగు ఒడ్డు బావి ఎండాకాలంలోనూ నిండుగా ఉండటం జరుగుతుంది. వాగు ఒడ్డు బావిని చూపించి అంతా బాగుందనేస్తే గని అంచు బావి రైతుకు అన్యాయమే కదా.

అయితే చేద బావినీ, వంద మీటర్ల బోరునూ ఒకే త్రిభుజంలో కలపకండి. మధ్యలో నీళ్లను సరిగా దాటనివ్వని బంకమట్టి రాయి పొర ఉంటే రెండూ వేర్వేరు నీళ్లు, మట్టాలూ వేర్వేరు. మూడూ ఒకే రోజు, మోటార్లు ఆపి కొన్ని గంటలయ్యాకే కొలవాలి. మే నెలలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తప్పనిసరి, గనికి దూరంగా ఉన్న ఒక బావిని కూడా కలుపుకోండి. రెండూ సమానంగా పడిపోతే ముందు వాన లెక్క చూడాలి, గని పక్కదే పడిపోతే అనుమానం గని మీద.

వాన ఎంత ఇంకిందో కూడా ఈ రెండు కొలతలే చెబుతాయి. మే నుంచి నవంబర్‌కు మట్టం 4 మీటర్లు పెరిగింది, రాయి ఘనపరిమాణంలో 3 శాతం నీళ్లు వదులుతుంది అనుకుంటే, చదరపు కిలోమీటరుకు 1,20,000 ఘనపు మీటర్లు, అంటే 12 కోట్ల లీటర్లు. గని దగ్గర ఈ లెక్క తక్కువే చూపిస్తుంది, ఇంకిన నీటిలో కొంత అప్పటికే గుంతలోకి జారిపోయి ఉంటుంది కాబట్టి.

నాణ్యత గురించి ఇప్పటికి ఒక్క మాట. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, అందుకని మేఘాలయ గనుల దగ్గర కనిపించేంత ఘాటైన ఆమ్లపు నీళ్లు ఇక్కడ మామూలుగా రావు. కానీ పీహెచ్ 7.5 చూసి ఊరట పడకండి. ఓబీ గుట్టల్లో (బొగ్గు పైనుంచి తీసి పోసిన మట్టి, రాళ్ల కుప్పల్లో) పైరైట్ అనే గంధకం ఉన్న ఖనిజానికి గాలి, నీరు తగిలి పుట్టిన ఆమ్లాన్ని రాళ్లలోని సున్నం విరిచేస్తుంది, సల్ఫేటు, కాఠిన్యం మాత్రం నీళ్లలోనే మిగిలిపోతాయి. తాగునీటి ప్రమాణం ప్రకారం సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేకపోతే 400 దాకా. పేలుడు మందులోని అమ్మోనియం నైట్రేట్ వల్ల నైట్రేటూ పెరగొచ్చు, దాని హద్దు 45, సడలింపు లేదు. ఎరువుల నుంచీ నైట్రేటు వస్తుంది కాబట్టి దూరపు బావి నమూనా ఇక్కడా కావాలి.

వచ్చే పాఠం నమూనా సీసాలు నింపడం మీద. ఈలోపు మీ ఊళ్లో ఒకే రకం బావులు మూడు ఎంచుకోండి, ఒకే వరుసలో లేకుండా చూసుకోండి, కొలిచిన రోజున గని పంపులు నడుస్తున్నాయో లేదో కూడా పక్కన రాసిపెట్టండి.