కథ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఊరు మార్చి చూడండి

పోయిన పాఠంలో కథ ఎవరి గొంతుతో నడుస్తోందో పట్టుకోవడం చూశాం. ఈసారి చోటు, మనిషి. గైడ్లలో ఈ రెండూ వేరువేరు ప్రశ్నలుగా ఉంటాయి. కలిపి చదివితేనే కథ మనకు దొరుకుతుందని నా నమ్మకం, అందుకే రెండూ ఒకే పాఠంలో పెట్టాను.

కింది ముక్క ఈ పాఠం కోసమే రాశాను. ఏ ఊరో ముందే చెప్పను. గవాచి అంటే మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలే కంత.

‘ఉరుము వినపడగానే నాగమ్మ చేట పక్కన పెట్టి మిద్దెక్కింది. గవాచి మీద రేకు మూసి రాయి పెట్టింది. “ఇత్తనం కాయలు లోపలేసినావామే?” కింద నుంచి మొగుడు అడిగినాడు. నిన్ననే వేసింది. ఆ మాట చెప్పలేదు. ఇంకో రాయి వెతికి, అదీ పెట్టి దిగింది.’

పెన్సిల్ తీసుకుని ముందు వస్తువుల కింద గీతలు గీయండి: చేట, మిద్దె, గవాచి, రేకు, విత్తనం కాయలు. ఇప్పుడు నాగమ్మను కోనసీమలో పెంకుటింటికి మార్చండి. ఎక్కడానికి మిద్దె లేదు. గవాచి లేదు, దాన్ని మూసే పనీ లేదు. సీన్ అక్కడే ఆగిపోతుంది. ఊరు మార్చినప్పుడు కథలో ఏది విరిగిపోతుందో అదే అసలైన నేపథ్యం. మార్చినా ఏమీ కాకపోతే, రచయిత ఎన్ని కొండల్ని, వాగుల్ని వర్ణించినా అది గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మే.

ఉరుము సంగతి ఇంకా లోతైనది. నాగమ్మ ఇల్లు అనంతపురం వైపు, ఆ విత్తనం కాయలు వేరుశనగవి అనుకోండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఎర్రనేలల్లో వేరుశనగ చాలావరకు వానమీదే ఆధారం. విత్తడానికి పదును, అంటే నేలలో తగినంత తడి, కావాలి; పదును కావాలంటే ఆ ఉరుము నిజమవ్వాలి. కానీ అదే వాన ఇంట్లోకి దిగితే విత్తనం పాడవుతుంది. వాన రావాలి, తడవకూడదు. నాగమ్మ మిద్దె ఎక్కేటప్పుడు ఆమె కాళ్లలో ఈ రెండూ ఉన్నాయి. ముక్కలో ‘ఆశ’, ‘భయం’ అనే మాటలు నేను వాడలేదు, వాడి ఉంటే చెడిపోయేది.

కాలం కూడా వస్తువులోనే ఉంది. సంవత్సరం ఎక్కడా లేదు, కానీ గవాచి ఉందంటే అది స్లాబు పడని పాత ఇల్లు.

ఇక మనిషి. నోట్సులో ‘నాగమ్మ ఓర్పు గల స్త్రీ’ అని రాయకండి. ఈ పాఠం అయ్యేవరకు విశేషణాలు బంద్. ఆమె చేసిన పనులు మాత్రమే రాయండి: ఎక్కింది, మూసింది, జవాబివ్వలేదు, రెండో రాయి పెట్టింది. కింద నిలబడి అడిగింది ఎవరు, పైకెక్కింది ఎవరు? ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, పని ఎవరిమీద పడుతుందో అక్కడే తెలుస్తుంది. రచ్చకట్ట సీన్ వచ్చినా ఇదే పని చేయండి: ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు అసలు అటు రాలేదు.

జవాబు ఎందుకివ్వలేదు? కోపమా, అలవాటా, ‘ఇన్నేళ్లయినా అడుగుతాడేంది’ అనే విసుగా? తొందరపడకండి. రెండో రాయి జాగ్రత్త కావచ్చు, కిందికి దిగడం కాసేపు వాయిదా వేయడమూ కావచ్చు. మీరు ఏది అన్నా, కథలో ఫలానా మాట వల్ల అని వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది మీ ఊహ, నాగమ్మ స్వభావం కాదు. ఇంకో చిన్న పరీక్ష: ఆమె చేత “నిన్ననే ఏసినా” అనిపించి చదవండి. మనిషే మారిపోతుంది.

వారం పని ఇదీ. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరంలోకి నీళ్లొచ్చాయి. ఆ మరుసటి ఏడాది, నదికి దగ్గర్లోని ఒక వీధిలో, స్లాబు ఇంట్లో ఉన్న ఆడమనిషికి ఉరుము వినపడింది. ఆమె మొదట ఏ వస్తువు మీద చెయ్యి వేస్తుంది? ఐదు వాక్యాలు రాయండి. నగరం పేరు, వరద అనే మాట, ఒక్క విశేషణం కూడా రాకూడదు. రాసింది ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, ఎక్కడ జరిగిందో అడగండి.

వచ్చే పాఠంలో సంభాషణ, యాస.