సముద్రపు కాపలా సాఫ్ట్‌వేర్ – పాఠం 3: ఓడ చెప్పే వేగం నిజమేనా?

కిందటి పాఠంలో ఏఐఎస్ (ఓడలు తమ వివరాలను రేడియోలో వాటంతటవే ప్రసారం చేసే వ్యవస్థ) మెసేజ్ నుంచి ఓడ నంబరు, అక్షాంశ రేఖాంశాలు, వేగం విడదీశాం. ఆ మెసేజ్ పంపేది ఓడే. కాబట్టి నమ్మే ముందు లెక్కేసి చూడాలి.

ఈ లెక్క ఎవరికి కావాలంటే, బాల్టిక్ సముద్రాన్ని చూడండి. 2024 డిసెంబరు 25న ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య సముద్రం అడుగునున్న ఎస్ట్‌లింక్ 2 కరెంటు కేబుల్ దెబ్బతింది. ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్ లంగరు ఈడ్చుకుంటూ పోవడం వల్లేనని ఫిన్లాండ్ అధికారులు అనుమానించారు. తర్వాతి నెలలోనే నాటో ‘బాల్టిక్ సెంట్రీ’ గస్తీ మొదలుపెట్టింది. 2025లో డెన్మార్క్ సెయిల్‌డ్రోన్ కంపెనీ పడవలు నాలుగింటిని నీళ్లలోకి దించింది. పది మీటర్ల పడవ, లోపల మనిషి ఉండడు. రాడార్, కెమెరాలు చూసినదాన్ని సాఫ్ట్‌వేరే ఏఐఎస్‌తో పోల్చుకోవాలి.

ఇక లెక్క. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఒక ఓడ తూర్పుగా పోతోంది. 10:00 గంటలకు రేఖాంశం 25°00′, 10:12కి 25°04′. తేడా 4 కోణ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కోణ నిమిషం). ఒక్కోటి ఒక నాటికల్ మైలు అనుకుంటే 12 నిమిషాల్లో 4 మైళ్లు, అంటే 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). ఓడేమో 10 అంటోంది. అబద్ధమా?

కాదు, తప్పు మన కోడ్‌లో ఉంది. కోణ నిమిషానికి మైలు అనేది అక్షాంశానికే. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి తేడాను అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. కొసైన్ 60 అంటే సరిగ్గా సగం. 2 మైళ్లు, 10 నాట్లు. ఓడ నిజమే చెప్పింది. కొసైన్ లేని ఆ తప్పు కోడ్‌ని విశాఖ తీరంలో పరీక్షిస్తే తేడా 5 శాతమే వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఫిన్లాండ్ సింధుశాఖలో ఓడలు ఎక్కువగా తూర్పు పడమరలుగానే తిరుగుతాయి. అక్కడ రోజంతా అలారమే.

ఒక్క మెసేజ్ తేడా వస్తే మాత్రం కంగారు పడొద్దు. బాల్టిక్‌లో జీపీఎస్ జామింగ్ (సిగ్నల్‌ని కావాలని చెడగొట్టడం) మామూలే. వరసగా మూడు తప్పితేనే అలారం ఇవ్వమంటాను నేను.

అసలు చిక్కు ఇంకోటి. లంగరు ఈడుస్తూ పోయే ఓడ తన వేగం నిజంగానే చెప్పొచ్చు. ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. కారణం లేకుండా వేగం పడిపోతే గమనించే కోడ్ వేరుగా రాయాలి. అది పాఠం 4లో.

అభ్యాసం: అదే అక్షాంశం మీద 20 నిమిషాల్లో 26°10′ నుంచి 26°22′కి వెళ్లిన ట్యాంకర్ 11 నాట్లు అంటోంది. నమ్ముతారా?